సెల్లారు గుంతలో నత్తగుల్లలు

హైదరాబాదు,
మంగళవారం మధ్యాహ్నం

మా అన్న కుర్మన్నకు, వదినకు జయమ్మ దండాలు పెట్టి రాస్తున్నది. అందరూ చల్లగా ఉన్నారనుకుంటున్నాను. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? మా బిడ్డ సుజాత బడికి పోతున్నదా, లేక నీ వెనకాల చేన్ల వెంట తిరుగుతున్నదా? మేమిద్దరం ఇక్కడ బాగానే ఉన్నాం. అలవాటు కొద్దీ రాశాను గానీ అన్నా, ఒళ్లు మాత్రమే బాగుంది. మనసులో భయం పట్టుకుంది, తొందర తొందరగా రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోవద్దు.

పోయిన ఉత్తరంలో పని మస్తుగా ఉంది, పది మందిని వెంటబెట్టుకొని రమ్మని నేనే రాశాను. ఆ మాట మర్చిపో. ఎవ్వరినీ తీసుకొని రావద్దు. నువ్వు కూడా రావద్దు. ఎందుకో చెప్తాను.

మాది సెల్లారు గుంత పని. పెద్ద అపార్టుమెంటు కడతారట. గేటు దగ్గర బోర్డు మీద బొమ్మ వేశారు, పై అంతస్తులో ఈత కొట్టే నీలం నీళ్ల తొట్టి కూడా ఉంది. ఇప్పటికే ముప్పై అడుగులు దిగింది. మిషన్ పోలేని అంచులను మన పాలమూరు వాళ్లమే గడ్డపారలతో చెక్కుతున్నాం. గుడిసెలు గోడ పక్కనే. మూడు రోజులు వాన పడితే చాపలన్నీ నానిపోయాయి. అన్నం తింటున్నాం గానీ ఆకలి పోదు. జొన్నరొట్టె కోసం ప్రాణం కొట్టుకుంటున్నది.

అన్నా, ఇక్కడ పదిహేను అడుగులకే నీళ్లు పడ్డాయి! నువ్వు మూడు బోర్లు వేయిస్తే దుమ్ము లేచింది. వదిన బిందె పట్టుకొని పంపు దగ్గర పూటంతా నిలబడుతుంది. ఇక్కడ మూడు మోటార్లు పెట్టి ఆ నీళ్లన్నీ మోరీలోకి తోడేస్తున్నారు. మొదటి వారం నాకు ఏడుపొచ్చింది. సుజాత వాళ్ల నాయన నవ్వి, "ఏడ్వకు, బిందెల వట్టి ఊరికి పంపుదమా?" అన్నాడు. ఇప్పుడు ఆ నీళ్లను చూస్తేనే భయం.

నాలుగు రోజుల కింద తూర్పు మూలన తట్ట ఎత్తుతుంటే గోడలో తెల్లగా ఏదో కనబడింది. గోరుతో తీసి చూశాను. నత్తగుల్ల. ఇంకొంచెం గీకితే గుప్పెడు రాలాయి. మన్ను నల్లగా, సబ్బులాగా జారుతున్నది. చిన్నప్పుడు మన చెరువు పూడిక మన్ను బండ్లతో చేనుకు తోలితే, నువ్వూ నేనూ అందులో గుల్లలు ఏరుకున్నాం కదా. అదే మన్ను, అదే వాసన. వీళ్లు ఎప్పుడో చెరువును పూడ్చి దాని మీద ఊరు కట్టారు. మనవాళ్లేమో ఇంటి దగ్గర గట్టి మొరంలో బావి తవ్వినట్లు దీన్ని నిట్టనిలువుగా చెక్కుతున్నారు.

మేస్త్రీకి చెప్పాను. "ఇంజినీర్లకు తెల్వంది నీకు తెలుస్తదా? తట్ట ఎత్తు" అన్నాడు. ధైర్యం చేసి ఇంజినీరు సారుకే చూపించాను. చిన్న వయసు, మంచివాడే. "మట్టి పరీక్షలన్నీ అయ్యాయమ్మా, కంగారు పడొద్దు" అని గుల్లను తన పాపకిస్తానని జేబులో వేసుకున్నాడు.

నిన్న అన్నాలు తిని దిగేసరికి ఆ మూలనే మట్టి పెళ్ల విరిగిపడింది. నాతో తట్ట మోసే మన ఊరి చెన్నమ్మ మోకాలి దాకా కూరుకుపోయింది. నలుగురం లాగితే బయటపడింది. కాలు వాచి నడవలేకపోతున్నది, అందుకే ఈరోజు ఊరికి వస్తున్నది. ఈ ఉత్తరం ఆమె చేతికే ఇస్తున్నాను. నేను ఈరోజు తట్ట పట్టలేదు. మేస్త్రీ తిట్టాడు, తిట్టనీ.

సుజాత వాళ్ల నాయనతో నిన్నంతా కొట్లాటే.

"నీ కాళ్లు మొక్కుత, ఆ మూలకు పోకు" అన్నాను.

"నేనూ మీ అన్నా పద్నాలుగు బాయిలు తవ్వినం. ఒక్క ఒడ్డన్న గూలిందా? మట్టి సంగతి నాకు జెప్తున్నవా?"

"గది మొరం. ఇది చెరువు మన్ను. జర కండ్లు దెరిచి సూడు!"

"మీ అన్న జెప్తే ఇంట. నువ్వు జెప్తే ఇన. ఆడిదాని మాటకు భయపడి గడ్డపార ఇడిస్తే గుంపులో నా మొఖం ఏడ పెట్టుకోవాలె?"

మొండివాడని నీకు తెలియదా? కానీ ఒక మాట చెప్తాను. రాత్రి వచ్చి అన్నం ముందు కూర్చొని ముద్ద మింగలేకపోయాడు. ఆయనకూ భయంగానే ఉంది అన్నా. ఎవరైనా ఆపితే ఆగుదామని చూస్తున్నాడు. ఆయన ఆగితే గుంపంతా ఆగుతుంది.

అందుకే ఆ గోడ మన్ను ఒక పిడికెడు, నాలుగు గుల్లలు పొట్లం కట్టి దీనితో పంపుతున్నాను. తడి ఆరకుండా పాలకవర్లో పెట్టాను. చేతిలో పట్టి పిసికి చూడు. నాది ఉత్త పిరికితనమైతే అదే చెప్పు, నోరు మూసుకొని తట్ట ఎత్తుతాను. కాకపోతే ఆయనకు నీ నోటితో చెప్పు. మన ఊరి దుకాణంలో ఫోను పలకడం లేదు, రెండుసార్లు చేసి చూశాను. నువ్వే ఆత్మకూరు పోయి చెయ్యాలి. బస్సు కోసం చూడకు, సైకిలు మీద పో. ఇక్కడి కిరాణా దుకాణం నంబరు పొట్లం మీద రాశాను. రేపు పొద్దున ఆరింటి నుంచి ఆయనను పట్టుకొని అక్కడే కూర్చుంటాను.

జొన్నపిండి పంపమని అడుగుదామనుకున్నాను. ఇప్పుడేమీ వద్దు, నీ మాట ఒక్కటి చాలు. సుజాతకు ఇదంతా చెప్పకండి. అమ్మానాయనలు తొందరలోనే వస్తారని చెప్పండి. పెద్దలందరికీ నా దండాలు. మమ్మల్ని దీవించండి.

మీ చెల్లెలు
జయమ్మ

మళ్లీ రాస్తున్నాను: మేస్త్రీ ఇప్పుడే వచ్చి చెప్పిపోయాడు. రేపు ఆ తూర్పు మూలనే చెక్కాలట. ఎనిమిదింటికి నిచ్చెన దిగుతారు అన్నా.