వత్తు లేని సూపరింటెండెంటు

కోడంబాక్కం

గౌరవనీయులైన బక్తవత్సలం గారికి,

యూనివర్సిటీ అకడమిక్ సెక్షన్ సూపరింటెండెంటు వెంకటసుబ్బారావు నమస్కరించి వ్రాయునది. తెలుగులో రాస్తే మీకు సౌకర్యమని మీ మనవరాలు జనని చెప్పింది. సదరు విద్యార్తినిని ఈ సెమిస్టరు నుంచి ప్రొబేషన్‌లో ఉంచాము. కంగారు పడవలసింది ఏమీ లేదు. జతచేసిన కాగితం మీద గార్డియన్‌గా సంతకం చేసి పంపితే చాలు.

దన్యవాదాలతో,
వెంకటసుబ్బారావు

తా.క.: ఆఫీసు ఫోను పాడైంది. జవాబు కవరు మీద లేడీస్ హాస్టల్ అడ్రసు, జనని పేరు రాయండి. ఈడ పోస్టుమ్యాన్‌కు ఆమె బాగా తెలుసు.

*

మాధవరం మిల్క్ కాలనీ

శ్రీ వెంకటసుబ్బారావు గారికి,

భక్తవత్సలం నమస్కారాలు. మీ ఉత్తరం చూసినప్పటి నుంచి మా ఇంట్లో ఎవరికీ కాలు నిలవడం లేదు. బి.ఎస్సీ. ఇంకా పూర్తికాకుండానే పిల్లకు యూనివర్సిటీలోనే ఉద్యోగమా! ప్రొబేషన్ సంగతి నాకు కొత్తగా చెప్పాలా? గుమాస్తాగా చేరినప్పుడు నన్నూ ప్రొబేషన్‌లో ఉంచి, ఆ తర్వాతే పర్మనెంటు చేశారు. మా ఆవిడ మునెమ్మ మైసూర్‌పాకు చేసి కాలనీ అంతా పంచింది. ఇద్దరు ముగ్గురు సంబంధాల మాట కూడా ఎత్తారు.

సంతకం మాత్రం చేయలేదు. ఉద్యోగంలో చేరే కాగితం మీద ఉద్యోగి సంతకమే ఉండాలి. తాత సంతకం ఉంటే ఆడిట్‌లో పట్టుకుంటారు. నా వల్ల మీకు మాట రాకూడదు.

ఇట్లు,
భక్తవత్సలం

తా.క.: నా పేరులో మొదటి అక్షరానికి వత్తు ఉంది. పుట్టినప్పటి నుంచీ ఉంది.

*

కోడంబాక్కం

గౌరవనీయులైన భక్తవత్సలం గారికి,

వత్తు విషయంలో క్షమించండి. ధయచేసి మైసూర్‌పాకు పంచడం ఆపండి. ఇది ఉద్యోగం ప్రొబేషన్ కాదు, చదువు సరిగా సాగనివాళ్లకు ఇచ్చే గడువు. ఎలా చెప్పాలో తెలియడం లేదు. జననికి కొన్ని పేపర్లు ఆగాయి. అందులో ఆమె తప్పు కొంచెమే. ప్రశ్నలు భాగా కష్టంగా ఇచ్చారు. ఇప్పుడు డిస్మిస్ చేస్తామంటున్నారు, అంటే మేమే అంటున్నాము. ఆ కాగితం అప్పీలు కాగితం. నెలాఖరులోగా మీ సంతకం రాకపోతే ఆమె సీటు పోతుంది.

ఇట్లు,
వెంకటసుబ్బారావు

తా.క.: మీరు శ్రమపడి రావద్దు. సూపరింటెండెంటు సీట్లో ఉండడు. అంటే, నేను ఉండను.

*

మాధవరం మిల్క్ కాలనీ

అయ్యా,

డిస్మిసలా? చార్జి మెమో ఇచ్చారా? సంజాయిషీ అడిగారా? పేపర్లు ఆగితే పిల్లది తప్పెలా అవుతుంది? నా సర్వీసులో కాగితం ఎక్కడైనా ఆగిందంటే అది పై ఆఫీసరు టేబుల్ మీదే ఆగింది. ముందు మీ టేబుల్ వెతకండి.

శుక్రవారం నేనే వస్తున్నాను. మా పాత యూనియన్ సెక్రటరీ చిన్నబాబు కూడా వస్తాడు. ఆయనకు మైకు అక్కర్లేదు.

ఇట్లు,
మండిపడుతూ,
భక్తవత్సలం

తా.క.: నాకు వత్తు ఇచ్చారు, సంతోషం. అయితే అదే చేత్తో 'దయ'కూ 'బాగా'కూ కూడా పంచారు. నేను మైసూర్‌పాకు పంచితే మాత్రం తప్పా?

*

కోడంబాక్కం

అయ్యా,

మీకు దణ్ణం పెడతాను, రావద్దు. నిజం చెప్పేస్తాను. జనని ఫెయిలైంది. ఆమె క్లాసులో వెనక బెంచీలో కూర్చుంది. పాఠం అర్థం కాకపోతే అడగడానికి సిగ్గుపడింది. ఒకటి అర్థం కాక, దాని మీద ఇంకొకటి అర్థం కాక, చివరికి క్లాసుకు పోవడమే మానేసింది. ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమె తాత "మా జనని కాలేజీ" అని కాలనీలో అందరికీ చెప్పుకుంటుంటే నోరు రాలేదు. ఇప్పుడు చాలా బాదపడుతోంది. ఇంకొక్క అవకాశం ఇస్తే ముందు బెంచీలో కూర్చుంటుంది. సంతకం పెట్టు తాతా.

ఇట్లు,
వెంకటసుబ్బారావు

తా.క.: 'తాతా' అన్నది గౌరవంతో అన్నాను.

*

మాధవరం మిల్క్ కాలనీ

చిరంజీవి జననిని తాత ఆశీర్వదించి వ్రాయునది.

ఈ లోకంలో నా పేరు నుంచి వత్తు కాజేసేది నువ్వొక్కదానివే తల్లీ. పలకా బలపం ఇచ్చి దిద్దించినవాణ్ణి, ఆ మాత్రం తెలియదా? తమిళ బడికి పోయి వత్తులన్నీ ఆడనే పోగొట్టుకొని వచ్చావు.

నీ మొదటి ఉత్తరం అందిన మర్నాడే నేను మీ ఆఫీసుకు వచ్చాను. "ఏం సార్, ఈడ వెంకటసుబ్బారావు అని ఎవురూ లేరే! ఈ సీట్లో ఉండేది నేనే గదా" అంది సూపరింటెండెంటు సెలీనా మేడమ్. అప్పీలు మీద నా సంతకం ఆ రోజే పడింది. అయితే ఎందుకు ఫెయిలైందో పిల్ల తన మాటల్లో రాసివ్వాలట. నేరుగా అడిగితే నువ్వు రాస్తావా? అందుకే ఇన్నాళ్లు నీ సూపరింటెండెంటును వేధించాను.

ఆయన చివరి ఉత్తరంలో 'ఆమె' అన్నచోటల్లా 'నేను' అని మార్చి, శుభ్రంగా రాసి మేడమ్‌కు ఇచ్చాను. కింద నీ సంతకానికి చోటు వదిలాను. సోమవారం వెళ్లి పెట్టు. అది పడితే ఇంకొక సెమిస్టరు ఇవ్వడానికి కమిటీ ఒప్పుకుందట.

నువ్వు ఫెయిలైనందుకు నాకు కోపం లేదు. నాతో ఆ మాట చెప్పడానికి ఒక వెంకటసుబ్బారావును పుట్టించవలసి వచ్చిందే, అదే బాధ. బాధకు వత్తు ఉంది, చూసుకో.

ఆశీస్సులతో,
తాత

తా.క.: మైసూర్‌పాకు పంచామన్నది అబద్ధం. మీ అవ్వ చేసింది డబ్బాలోనే ఉంది. శనివారం పుస్తకాలతో సహా వచ్చి తిను. ఆ వెంకటసుబ్బారావును మాత్రం తీసుకురావద్దు, ఆయన ప్రొబేషన్‌లో ఉండగానే డిస్మిస్ అయ్యాడు.