బోల్టులు పెట్టిన ఊయల

1968 ఆగస్టు, గురువారం. తార్నాక.

క్యాంపస్‌లో ఇవాళ మళ్లీ అదే పాఠం చెప్పాను. వస్తువును గీసేటప్పుడే దాని తర్వాతి బతుకు కూడా గీయాలని, అందుకే విప్పి ఇంకొకటి చేసుకునేలా మేకులు కొట్టకుండా బోల్టులు పెట్టాలని. పోయిన నెల దాకా ఉదాహరణకు మా ఊయల డ్రాయింగు చూపేవాణ్ణి. ఇవాళ ఏదో స్టూలు చూపించాను.

వర్క్‌షాపు అటెండరు యాదగిరి కూతురికి నెలలు నిండాయి. మా ఊయల తీసుకుపొమ్మన్నాను. మా ఆవిడ సరోజే ఇవ్వమంది. అతను తలెత్తకుండా చాలాసేపు రంపం తుడుస్తూ ఉండిపోయాడు.

"ఏమనుకోవద్దు సార్. పిల్లలు మంచిగ పెరిగిన ఇంట్ల నుంచే తొట్టెల తెచ్చుకుంటం. మా ఇంట్లామె ఒప్పుకోదు."

నాకు కోపం రాలేదు. మా బాబును ఊయలలో వేసే రోజు రాకముందే వాడు పోయాడు. అది ఇంకా కొత్తదే. ఆ మాట యాదగిరితో అనలేకపోయాను.

సరోజ గుమ్మంలోనే అడిగింది, "ఏమన్నడు?" అని. చెప్పాను.

"అయితే విప్పి ఇంకేదన్న చెయ్యుండ్రి. గట్ల ఖాళీగ ఉంటే చూడలేకపోతున్న."

స్పానర్ తీసుకుని కూర్చున్నాను. బోల్టులు సులువుగానే వచ్చాయి. అలా రావాలనే కదా గీసింది. చెక్కలన్నీ గోడకు చేర్చి డ్రాయింగు తెరిచాను. ఊయల తర్వాత బుజ్జి కుర్చీ. కుర్చీ తర్వాత బడికి పోయేవాడి రాతబల్ల. మా ఇద్దరికీ పనికొచ్చేది అందులో ఒక్కటీ గీయలేదు.