తొందరపడిన వెలుగు

మణీ,

ఎలా ఉన్నావని రాయబోయి ఆగాను. నువ్వు వెళ్లిపోయి ఎనిమిది నెలలైంది... నీకొక మంచి కబురు. మీ ల్యాబులో ప్రోటాన్లు వచ్చాయి!

ఈ మాట చెప్పాల్సింది నీ శిష్యురాలు కావ్య. కానీ మేడంకి భర్తగా మీరే చెప్పాలని పట్టుబట్టింది.

నువ్వు ఆసుపత్రిలో చేరేనాటికి ఆ ప్రయోగం ఎంత ఇబ్బందిలో ఉందో నాకు తెలుసు. వెంట్రుక కంటే పల్చటి అల్యూమినియం రేకు మీద లేజర్‌తో కొట్టాలి. రేకు వెనక అంటుకుని ఉన్న, కంటికి కనిపించని తేమలోంచి ప్రోటాన్లు దూసుకుపోవాలి. రేకు ముక్కలయ్యేదే తప్ప అవి వచ్చేవి కావు. రేకులు బాగాలేవన్నారు. మీ ల్యాబు పెద్దాయన ఆపేద్దామన్నాడు. నువ్వొక్కదానివే ఒప్పుకోలేదు.

"రేకుది తప్పు కాదప్పా. అసలు దెబ్బకంటే ముందే చిన్న వెలుగొకటి తొందరపడి వస్తా ఉండాది. అదే రేకును పాడు చేస్తా ఉండాది." నేను బొమ్మసంద్ర ఫ్యాక్టరీ నుంచి వచ్చి చెప్పులు విడవకముందే మొదలుపెట్టేదానివి.

ప్రోటాన్లతో క్యాన్సర్‌కు వైద్యం చేస్తారట కదా, ఇవి నీ జబ్బుకు పనికొస్తాయా అని ఒకసారి అడిగాను, గుర్తుందా? "ఇప్పుడే కాదప్పా. మాకొచ్చే జోరు చాలదు. ఇంకా శానా పని ఉండాది." అబద్ధం చెప్పి ఉంటే నాకు కాస్త ఊరటగా ఉండేది... నువ్వు చెప్పలేదు. కీమో ఎక్కుతుండగానే ఫోనందుకుని, ఆ తొందరపడే వెలుగును ఎలా తప్పించాలో కావ్యకి చెప్పావు.

నువ్వన్నట్టే దారిలో గాజుపలక పెట్టారు. ముందొచ్చే బలహీనమైన వెలుగు గాజులోంచి పోతుందట. అసలు దెబ్బ తగలగానే గాజు పైభాగం అద్దమై, దాన్ని రేకు మీదికి తిప్పుతుందట. క్షణంలో గాజు అద్దం కావడమేమిటి మణీ? ఇదంతా ఆ మంచం మీద ఎలా ఆలోచించావు?

రేకు వెనక పెట్టిన ప్లాస్టిక్ పలకను వేడి కాస్టిక్ సోడాలో నానబెట్టి, మైక్రోస్కోప్ కింద ఉంచి నన్ను పిలిచారు. చూశాను. అన్నీ గుండ్రటి చిన్న చిన్న గుంటలు... ఒక్కోటీ ఒక్కో ప్రోటాన్ దిగిన చోటట.

కావ్య ఏడ్చేసింది. ఆపేద్దామన్న పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, నువ్వు చెప్పిందే నిజమని అందరి ముందూ అన్నాడు. నువ్వు వినాల్సిన మాట అది... విన్నావా?

ఈ ప్రయోగం మీద రాసే వ్యాసంలో నీ పేరు ముందు పెడతానంది కావ్య. వద్దన్నాను. నువ్వుంటే ఆ పిల్ల పేరే ముందుండాలని పోట్లాడేదానివి కదా. సరిగ్గానే చేశానా?

వచ్చే నెల ఈ సంగతంతా ఆ పిల్ల సభలో చెబుతుంది. సెలవు పెట్టాను. "అర్థం కాకుంటే తలూపొద్దప్పా, అడుగు" అనేదానివి. ముందు వరుసలో కూర్చుంటాను. అర్థం కాకపోతే, అంతమంది శాస్త్రవేత్తల మధ్యా చెయ్యెత్తి అడుగుతాను.

నీ
రమణ