లూకాకు ఎర్ర అంగీ

మరిది యాకోవ్‌కు,

"ఘనత వహించిన సేనాపతి గారికి అని మొదలుపెట్టాలమ్మా" అంటున్నారు ఈ ఉత్తరం రాసిపెడుతున్న పాదరీ గారు. "చిన్నప్పుడు వాడి తలలో పేలు చూసినదాన్ని, మరిది అనే రాయండి" అన్నాను.

మన లూకాను యుద్ధంలోకి దింపకుండా రొట్టెల బళ్ల దగ్గర కాపలా పెట్టిస్తానని కబురు చేశావు. నా కొడుకు మీద నీకున్న ప్రేమ నాకు తెలుసు. కానీ వద్దు. ఇంటికొక సిపాయిని పంపుతామన్న మాట మీదే ఈ సరిహద్దులో మనకు భూములిచ్చారు. పక్కింటి కుర్రాడు ముందు వరసలో నిలబడితే మనవాడు రొట్టెలకు కాపలా కాస్తాడా?

నువ్వూ మామూలు సిపాయిగానే వెళ్లావు. మీ అన్నయ్య ఎర్ర అంగీ నీ కాళ్లకు అడ్డం పడుతుంటే ఊరంతా నవ్వింది. ఇప్పుడు నీ ఎదురు నిలబడ్డ శత్రువులు, ఆ ప్రష్యా వాళ్లెవరూ నవ్వడం లేదట.

నువ్వు తిప్పి పంపిన ఆ అంగీయే లూకాకు తొడిగి పంపుతున్నాను. సరిగ్గా సరిపోయింది.

మీ అన్నయ్య తన చివరి యుద్ధంలో పక్కవాళ్లతో, "ముందు నడిచేది మా తమ్ముడురా, మనకేం భయం" అన్నారట. సేనాపతివయ్యాక కూడా నువ్వు గుర్రం దిగి ముందే నడుస్తావని విన్నాను. అలాగే నడు. లూకాకు నీ వీపు కనబడితే చాలు.

వదిన