అగ్గిపెట్టెతో వెళ్ళిన శనివారం

సెప్టెంబరు 1990, శనివారం
సాల్మియా, కువైట్

పొద్దున ఇరాక్ సిపాయిలు మా ముసలి యజమానురాలు మామా ఇల్లంతా వెతికి ఆమె క్యాసెట్లన్నీ పట్టుకుపోయారు. చిన్నప్పుడు తమ వీధిలో ఉండిన యూదుల ఇళ్ళ గురించి, మరిచిపోకముందే అని, ఆమె వాటిలో చెప్పి పెట్టుకుంది. ఆ వీధే ఇప్పుడు లేదు. ఒక సిపాయి నా నోటుబుక్కు తిరగేసి ఇదేంటని అడిగాడు. వంటలు రాసుకున్నానన్నాను. తెలుగు అక్షరాలు చూసి విసిరేశాడు.

వాళ్ళు పోగానే మామా ఆ నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టింది.

"యల్లా, కానీ, నీ భాషలో రాయి. మళ్ళీ మొదటినుంచి చెబుతాను."

వంటమనిషి ఈశ్వరమ్మక్క నన్ను పక్కకు లాగింది. "పిచ్చి పట్టిందా మే నీకు? ఊరికి పొయ్యేదానికి అందరూ పేర్లు రాపిచ్చుకుంటాండారు. నువ్వు ఈ రాతల మీద పడ్నావు!"

మామా చెప్తుంటే రాశాను. ఆ వీధిలో వాళ్ళ పక్కింటి రహీల్ వాళ్ళు యూదుల ఆచారం ప్రకారం శనివారం నిప్పు ముట్టించేవారు కాదట. చిన్నపిల్ల మామా వెళ్ళి వాళ్ళ పొయ్యి వెలిగించి వచ్చేదట. వాళ్ళు ఊరొదిలి వెళ్ళిపోయిన వారం కూడా అగ్గిపెట్టె పట్టుకుని వెళ్ళి, తాళం ముందు నిలబడిందట.

రాసింది చదవమంది. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. రహీల్ పేరు వచ్చినప్పుడల్లా మాత్రం తలూపింది.

అక్క మాటా నిజమే, బస్సులు ఎన్నాళ్ళు నడుస్తాయో... అయినా ఆ వీధిలో రాయాల్సినవి ఇంకా నాలుగిళ్ళున్నాయి. వాళ్ళ పేర్లు నోటుబుక్కులోకి ఎక్కాకే నా పేరు రాయిస్తాను.