కింది గదిలో తీసిన తైలం

హిందూపురం,
17 ఆగస్టు 2025, ఆదివారం.

ధర్మవరంలో ఉన్న, నాకు చెల్లెలి లాంటి మమతకు,

మంజులక్క ఆశీస్సులు. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. నువ్వు నేస్తున్న చీర ఈపాటికి మగ్గం దిగి ఉంటుంది. ఇక్కడ నేను బాగున్నాను. ఎప్పుడూ అలవాటుగా రాసే మాటే ఇది. ఈసారి ఆసుపత్రి నుంచి వచ్చి రాస్తున్నాను కాబట్టి నమ్మి చదువు.

నువ్వు నా ఫోను ఎత్తడం లేదు. చివరికి మీ అన్న హరీష్‌కు చేస్తే అతను మాట్లాడాడు. మీ ఆయన ఉమాశంకర్ మా ల్యాబులో గంజాయి తాగి మతి చెడగొట్టుకున్నాడని మీ ఇంట్లో అందరూ అనుకుంటున్నారట. వచ్చే వారం బెంగళూరులో మత్తు మాన్పించే చోట చేర్పిస్తున్నారట. అందుకే ఈ ఉత్తరం. అతన్ని బండి ఎక్కించే ముందు ఇది పూర్తిగా చదువు.

మేం చేసే పని ఏమిటో నీకు ఎవరూ సరిగ్గా చెప్పినట్టు లేదు. గంజాయి ఆకు మాకు ప్రభుత్వ అనుమతితో, సీలు వేసిన సంచుల్లో వస్తుంది. పిల్లల మూర్ఛలకు పనికొచ్చే పదార్థం ఒకటి అందులో ఉంది. మత్తెక్కించేది వేరు, ఇది వేరు. దాన్ని ఏ పద్ధతిలో బయటికి తీస్తే శుభ్రంగా, ప్రతిసారీ ఒకేలా వస్తుందో పోల్చి చూడటమే మా ఉద్యోగం.

ఒకే సంచిలోని ఆకును మూడు భాగాలు చేస్తాం. ఒక భాగాన్ని చల్లటి ఆల్కహాలులో నానబెడతాం. ఆల్కహాలుకు మంచీ చెడ్డా తెలియదు. మందుతో పాటు పసరు, చేదు, జిగురు అన్నీ లాక్కొస్తుంది. దాన్ని శుభ్రం చేయడానికే ప్రాణం పోతుంది. రెండోది నేతిలో కాచడం. పెనుకొండ నుంచి కుమారస్వామి అనే పెద్దాయన, నాటు వైద్యుడు, వచ్చి చేసి చూపించాడు. నేను మంట పెంచబోతే ఆపాడు. "నేతిని బెదిరిస్తే ఇయ్యదమ్మా, నిదానంగా అడగల్ల" అన్నాడు. మందు బాగానే దిగింది కానీ ఒక్కో గిన్నెకు ఒక్కో బలం వచ్చింది. పసిబిడ్డకు చుక్కల్లో పోసే మందు అలా ఉండకూడదు. మూడోదానికి యంత్రం కావాలి. సోడాలో బుడగలు పుట్టించే కార్బన్ డయాక్సైడునే బాగా ఒత్తిపెట్టి ఆకు గుండా పంపుతారు. తేనెరంగు తైలం వస్తుంది. మూడింటిలోకీ అదే మేలని తేలుతూ వచ్చింది. ఆ యంత్రం మీ ఆయన చేతిలో ఉండేది.

మా షెడ్డు ఒకప్పుడు పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీసిన చోటు. తొట్లు ఉండిన పల్లపు గదిలోనే యంత్రాన్ని దించారు. మెట్లు దిగి పోవాలి.

వానలు మొదలయ్యాక ఆ గదిలో ఏదో మారింది. నేను దిగినప్పుడల్లా మెడ వెనక వెంట్రుకలు లేచేవి. కారణం ఏమీ ఉండదు, గుండె మాత్రం ఎవరో తరుముతున్నట్టు కొట్టుకునేది. పైకొచ్చి కాసేపు నిలబడితే నా భయానికి నాకే సిగ్గేసేది. తర్వాత బల్లులు గోడల మీంచి రాలి చచ్చిపడి ఉండటం చూశాం. ఒంటి మీద గాయం లేదు. ఒకరోజు పిల్లి మూలన ముడుచుకుని పడుకుని ఉంది. ఊడ్చే ఉలిగమ్మ చీపురుతో తడితే కట్టెలా పక్కకు ఒరిగింది.

ల్యాబులో మంట పెట్టకూడదు. అయినా ఉలిగమ్మ ఒక శుక్రవారం పొద్దున ప్రమిద తెచ్చి మెట్ల మీద వెలిగించింది. నేను వద్దనేలోగానే చేత్తో పట్టుకుని కిందికి దిగింది. నడుము ఎత్తులో బాగానే వెలిగింది. నేల మీద పెట్టబోతే వత్తి చిన్నదై, నీలంగా వణికి, ఆరిపోయింది. మళ్ళీ వెలిగించింది. మళ్ళీ సరిగ్గా అక్కడే. ఎవరో ఊదినట్టు కాదు మమతా, నీళ్ళలో ముంచినట్టు ఆరింది. చీర కొంగు కూడా కదలని గదిలో.

"ఈడ పురుగుల ఉసురు ఉండాదమ్మా. ఎన్ని గూళ్ళు ఉడకబెట్టినారో" అంది ఉలిగమ్మ. నేను కెమిస్ట్రీ చదివినదాన్ని. అయినా ఆ పూట నాకు నమ్మబుద్ధేసింది ఆమె మాటే.

యంత్రం గొట్టాల బిగింపులు నేలకు దగ్గరగా ఉంటాయి. ఉమాశంకర్ గంటల తరబడి కింద కూర్చునే పని చేసేవాడు. ఒక మధ్యాహ్నం తూలుకుంటూ పైకొచ్చాడు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అక్కా, నా ఎనకాల ఎవరో నిలబడుకోని ఉండారు. నా ఊపిరి వాళ్ళు పీల్చుకుంటాండారు" అన్నాడు. మేనేజరు అతని నోరు వాసన చూశాడు, జేబులు వెతికించాడు. ఏమీ దొరకకపోయినా ఇంటికి పంపేశాడు. స్టేషనుకు నేనే దింపాను. రైలెక్కేదాకా వెనక్కి తిరిగి చూసుకుంటూనే ఉన్నాడు.

అతని పని నాకు వచ్చింది. పోయిన సోమవారం చేతిలోని స్పానర్ జారి యంత్రం కిందికి పోయింది. మోకాళ్ళ మీద వంగి, చెంప నేలకు ఆనించి చేయి చాపాను. రెండు మూడు ఊపిర్లు తీసుకున్నానేమో. చెవుల్లో హోరు మొదలైంది. నా వెనక మనిషి ఉన్నాడు. ఇన్నాళ్ళూ అనుమానం, ఇప్పుడు ఉన్నాడు. లేవబోతే కాళ్ళు నావి కావు. అప్పుడు వెనక నుంచి రెండు చేతులు నా చంకల కింద దూరాయి. కేక వేయడానికి నాలో గాలి లేదు. ఆ చేతులు నన్ను మెట్ల మీదుగా ఈడ్చుకుపోయాయి.

కళ్ళు తెరిచేసరికి వాన పడుతున్న ఆవరణలో ఉన్నాను. వాచ్‌మన్ నరసింహులు నన్ను బయటికి లాగాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మొదట అడిగింది, అక్కడ ఏ గ్యాసు వాడతారని. మర్నాడు మీటరు తెప్పించి చూశారు. యంత్రం బిగింపు ఒకటి సన్నగా కారుతోంది. ఆ గ్యాసుకు రంగు లేదు, వాసన లేదు. గాలికన్నా బరువు కాబట్టి పల్లంలో నిలిచిపోతుంది. మోతాదు పెరిగితే చెమటలు, తలనొప్పి, కారణం లేని భయం. పక్కన ఎవరో ఉన్నట్టు తోచడం కూడా ఉందట. ఇంకా పెరిగితే ప్రాణమే పోతుంది. గాలిని బయటికి లాగే ఫ్యాను ఒకటి ఉండేది. గంజాయి వాసన వస్తోందని ఇరుగుపొరుగు గొడవ చేస్తే జూన్‌లో మేనేజరు దానికి రేకు కొట్టించాడు.

మూడో పద్ధతిలో వచ్చిన తైలమే అన్నిటికన్నా శుభ్రమని నివేదిక రాశాను. ఆ గదిలోకి మనుషుల్ని దించకూడదని కూడా రాశాను. ఆ రెండో మాట తీసేయమని మేనేజరు రెండుసార్లు కబురు చేశాడు. నేను తీయలేదు. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు.

మమతా, మీ ఆయన ఏమీ తాగలేదు. అతని మతికి ఏమీ కాలేదు. అందరికన్నా ఎక్కువసేపు ఆ నేల మీద కూర్చున్నాడు, అంతే. డాక్టరమ్మ నంబరు వెనక పేజీలో రాశాను. మీ అన్నను కూడా మాట్లాడమను.

నీ మేలు కోరే అక్క,
మంజులత

తా.క. ఉత్తరం మడిచాక మనసొప్పక మళ్ళీ విప్పాను. నరసింహులు ఆ రోజు గేటు దాటి లోపలికి రాలేదు. నన్ను లాగింది ఉమాశంకర్. ఆ పొద్దున తాయెత్తు కట్టించుకోవడానికి పెనుకొండకు పోతున్నానని నీతో చెప్పాడు కదా, పెనుకొండలో రైలు దిగలేదు, హిందూపురం దాకా వచ్చాడు. అతని చోట నేను పనిచేస్తున్నానని ఉలిగమ్మ ఫోనులో చెప్పిందట. నన్ను ఆ గదిలోంచి తప్పించడానికి వచ్చాడు. మళ్ళీ అక్కడికి పోయాడని తెలిస్తే గంజాయి కోసమే అనుకుంటారని, నరసింహులు పేరు చెప్పమని నా దగ్గర మాట తీసుకున్నాడు. ఆ మాట తప్పుతున్నాను. పై మెట్టు మీంచి చూస్తే నేను పడి ఉన్నానట, నా మీదికి వంగి ఇంకెవరో ఉన్నారట. పై మెట్టు దగ్గర గాలి బాగానే ఉందని మీటరు చూపించింది. "ఉండారని తెలిసే దిగినానక్కా, నిన్ను ఇడిసిపెట్టి యాడికి పోయేది" అన్నాడు. ఊపిరి బిగబట్టి, వాళ్ళను ఒరుసుకుంటూనే నా దగ్గరికి వచ్చాడట.