పొడుగు భిక్షం కొలత

చిరంజీవి సురేశ్‌కు,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం ప్రాణాలతోనే ఉన్నాం, మీ బాపుతో సహా. మేళ్లచెరువులో నువ్వు, నవనీత, పిల్ల చల్లగా ఉండాలి.

నీ ఉత్తరం అందింది. ఫోన్‌లో ఏం మాట్లాడినా ఈ ఒంటి అర్ర ఇంట్లో బాపు చెవిన పడుతుందని రాసి పంపావు, మంచి పని చేశావు. మేకలు ఎవరు చూస్తున్నారని అడిగావు. నేనే తోలుకుపోతున్నాను. మీ బాపు చెయ్యెత్తితే తుమ్మకొమ్మ కిందికి వంగేది. నేను కర్రతో కిందామీదా పడుతుంటే మేకలు నా వైపు చూసి మొహం తిప్పుకుంటున్నాయి.

బాపును చూడటానికి జనం ఇంకా వస్తున్నారా అన్నావు. రాకేం? ఏడడుగులకు ఒక్క అంగుళం తక్కువైన 'పొడుగు భిక్షం' మంచాన పడితే ఎలా ఉంటాడో చూడాలట. మొన్న చౌటుప్పల్ నుంచి ఇద్దరు వచ్చి, దగ్గుతున్న మనిషి పక్కన నిలబడి ఫోటోలు దిగారు. చీపురు తిరగేసి తరిమాను.

ఇక బాపు ఆరోగ్యం. ఆశ లేదని దవాఖాన నుంచి పంపించేశాక నువ్వు చూసి వెళ్లావు కదా. వారం తిరిగేసరికి లేచి కూర్చుని తినడానికి జొన్న గటక అడిగాడు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఈ మాట రాస్తుంటే నాకు సంతోషం కలగాలి. సిగ్గు కలుగుతోంది. ఎందుకో చెబుతాను.

నువ్వు వెళ్లిన మర్నాడు మీ చిన్నాయన మారయ్య వచ్చాడు. "వదినె, చెరువుల పూడిక తీసే జేసీబీ రేపు పోతది. మనోళ్లను మన మెట్ట చెలకలనే పాతిపెట్టాలె, అక్కడ జానెడు కిందనే బండ. అన్న పోయినంక గడ్డపారతోని గంత గుంత తీసుడు మనతోనైతదా?" అన్నాడు. నాకు సబబుగానే తోచింది. నిద్రపోతున్న మనిషిని సుతిలి తాడుతో కొలిచాం. కాళ్ల దగ్గర మారయ్య, తల దగ్గర నేను. సాయంత్రానికి గుంత తయారైంది.

మనిషేమో పోలేదు. తవ్విన గుంత ఖాళీగా ఉంటే ఊరికి కీడని ఇప్పుడు అందరూ సణుగుతున్నారు. "ఇంక తిరుగుతనే ఉన్నడా?" అని పక్కింటి ప్రమీలమ్మ వాకిట్లోకి వచ్చి మరీ అడిగి పోయింది. పూడ్చేద్దామంటే, మళ్లీ మిషన్ ఎక్కడ దొరుకుతుందని మారయ్య ఒప్పుకోడు.

నిన్న మేకల వెంట వస్తానని మీ బాపు చెలక దాకా నడిచాడు. మారయ్య అక్కడే ఉన్నాడు. గుంత ఎవరికని ఆయన అడగలేదు. అంత గుంత ఊళ్లో ఇంకెవరికి కావాలి? కర్ర గట్టున పెట్టి, లోపలికి దిగి పడుకున్నాడు. మోకాళ్లు పైకి లేచాయి.

"పొట్టిగ తీసిన్రు. కొలిచిందెవరు?" అన్నాడు.

"తలకాడ తాడు వట్టింది వదినెనే," అన్నాడు మారయ్య. "నువ్వు ముడుసుకొని పండుకుంటివి, మాకేం ఎర్క? ఫికర్ జెయ్యకన్నా, గప్పుడు మోకాళ్లు గట్టిగ ఒత్తితె సరి."

ఏ మంచమూ చాలక ఎప్పుడూ కాళ్లు ముడుచుకునే పడుకునే మనిషి. ఇన్నేళ్లు పక్కన పడుకున్నదాన్ని, నాకైనా తోచొద్దా? పొడుగు మంచం ఒకటి చేయించాలని కూడా ఎన్నడూ తోచలేదు. ఆయన నా వైపు చూసిన చూపు పగవాళ్లకు కూడా వద్దు.

ఇంటికి వచ్చినప్పటి నుంచి మెతుకు ముట్టలేదు. బిళ్లలు ఇస్తే పక్కన పెట్టాడు. బతిమాలాను, ఏడ్చాను. చివరికి ఒక్క మాట అన్నాడు.

"సురేశ్‌కు రాయి. మేళ్లచెరువుల రాయి కొట్టెటోళ్లు మస్తుమంది ఉంటరు. ఇద్దర్ని తోలుకొస్తె కాళ్లకాడ జర తీస్తరు. గా గుంత సక్కగైనంకనే తింట."

ఎంత చెప్పినా అదే మాట. నిన్నటి నుంచి గోడకు ఆనుకుని, కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. బిడ్డా, మీ బాపు బతకాలని నీకుంటే, రాయి కొట్టేవాళ్లను వెంటబెట్టుకుని వెంటనే బయలుదేరు.

ఇట్లు,
నీ తోవ చూస్తున్న మీ అమ్మ,
జానమ్మ